భూషణం ఇంట్లో ప్రింటరు

3 అక్టోబరు 2002, గురువారం

సుమతి ఏడున్నరకు వచ్చింది. నిన్న ఏడుంబావు. మొన్న ఏడు. నేనేమీ కనిపెట్టుకుని కూర్చోలేదు. గడియారం ఎదురుగా ఉంది కాబట్టి కనబడింది.

భూషణం ఇంట్లో పనట. వచ్చే నెల పంతొమ్మిదికి దివిసీమ ఉప్పెన వచ్చి పాతికేళ్లు. అప్పుడు బతికి బయటపడ్డ ఆడవాళ్ల మాటలు పోగుచేసి పుస్తకం వేస్తున్నాడు మహానుభావుడు. నాగాయలంక నుంచి, కోడూరు నుంచి వాళ్లు బందరొచ్చి ఇంగ్లీషుపాలెంలో అతనింట్లోనే దిగుతున్నారు. అతని భార్య ఆనందమ్మ అన్నాలు పెడుతోంది. వాళ్లు చెబుతుంటే నా భార్య కంప్యూటరు మీద టైపు చేస్తోంది.

నాకు అభ్యంతరం ఉండాల్సిన పని లేదు. ఆడది గడప దాటాలని ఈ ఊళ్లో అందరికంటే ముందు రాసినవాణ్ణి నేను. నాది సిద్ధాంతపరమైన అభ్యంతరం. హెచ్చరిక ఎందుకు అందలేదు, కరకట్ట ఎందుకు ఆగలేదు, మడ అడవి ఎవరు నరికారు, ఈ ప్రశ్నలు లేకుండా ‘మా అమ్మ కొట్టుకుపోయింది’ అని పేజీలకు పేజీలు వేస్తే అది కన్నీళ్ల వ్యాపారం. ఆరేళ్ల కిందట భూషణమూ నేనూ కలిసి నడిపిన పత్రిక ఆగి, మేం విడిపోయింది సరిగ్గా ఇక్కడే. అతనికి మనుషులు కావాలి. నాకు కారణాలు కావాలి.

అన్నం వడ్డిస్తుంటే ఇదే అడిగాను.

“హాస్టలుకు వెళ్లకముందు అమ్మాయి కోసం కొన్న కంప్యూటరు మనింట్లోనూ ఉంది కదా. ఇక్కడ కూర్చుని టైపు చెయ్యకూడదా?”

“కంప్యూటరుంది గానీ ప్రింటరు లేదు కదండీ. వాళ్లు చెప్పింది వాళ్లకి చదివి వినిపించాలి. అక్కడైతే అప్పటికప్పుడు కాయితం తీసి వినిపిస్తన్నాం.”

అదీ సంగతి. ప్రింటరు లేదు. అంతే కదా.

5 అక్టోబరు

ఏడూ నలభై.

7 అక్టోబరు, సోమవారం

ప్రింటరు నా రాతకోతలకు ఎప్పుడో కొనాల్సింది. ఇరవై రెండేళ్లుగా నా వ్యాసాలు సుమతే తెలుగు టైపు మిషను మీద కొట్టింది, దాని రిబ్బన్లు ఇప్పుడు దొరకడం లేదు. ఇది వేరే ఎవరితోనూ సంబంధం లేని అవసరం.

కాలేజీ అవగానే చాంద్ జిరాక్సు షాపుకు వెళ్లాను. ఊళ్లో ప్రింటర్ల గురించి తెలిసినవాడు అతనొక్కడే.

“ఇంటికా మాస్టారూ, ఆఫీసుకా?”

“ఇంటికే. చవగ్గా ఉండాలి. నలుపొస్తే చాలు.”

“నెలకెన్ని కాయితాలు తీస్తారు?”

“అదెందుకు నీకు?”

“అది చెబితేనే గదండీ ఏది చవకో చెప్పేది!” అని ఒక్కొక్కటి చూపించాడు. అన్నిటికంటే చవకదాంట్లో ఇంకుడబ్బా ఒకటే. మూడు రంగులు కలిపి అదే నలుపు చేస్తుందట. “అది నలుపు కాదండీ, బోదె కాలవలో బురదనీళ్లు” అన్నాడు. రెండోదాంట్లో నల్లడబ్బా విడిగా ఉంటుంది. మిషను మూడు వేల చిల్లర. నల్లడబ్బా వెయ్యి. “మూడు డబ్బాలు కొంటే మిషను ఖరీదు. ఆళ్లు మిషను మనకి అమ్మట్లేదు మాస్టారూ, మిషనిచ్చి మనల్ని కొనుక్కుంటన్నారు.”

పాతికేళ్లుగా క్లాసులో నేను గుత్తాధిపత్యం గురించి చెబుతున్నదంతా ఇతను ఒక్క వాక్యంలో చెప్పాడు. ‘సిరాబుడ్డి సామ్రాజ్యం’ అని పెద్ద వ్యాసం రాయాలి. ఆ సంతోషంలో, ఊరికే, మాట వరసకు అడిగాను.

“భూషణం ఏది కొన్నాడు?”

“ఇదిగో, ఈ రెండు డబ్బాలదే. దీనికైతే సిరంజితో ఇంకు నేనే ఎక్కించిస్తాను, డబ్బా కొనక్కర్లేదు. మేడమ్ గారే ఏరారుగా.”

“ఏ మేడమ్?”

“మన సుమతి మేడమేనండీ! అరగంట కూర్చున్నారు. ఒక్కోదాంట్లో ఒక్కో కాయితం తీయించి, ఒత్తులు అలుక్కుపోతన్నాయా లేదా అని కిటికీ దగ్గర పెట్టి చూశారు. అంత తెలివిగా కొన్నోళ్లని నేను చూళ్లేదు.”

బయటికొచ్చేశాను. గొడుగు అక్కడే మర్చిపోయాను.

8 అక్టోబరు

“భూషణానికి ప్రింటరు నువ్వు ఏరావట.”

“అవును. ఆయనకి తెలీదన్నారు. నన్నడిగారు.”

“నాకు చెప్పలేదేం?”

“మీరు అడగలేదుగా.”

“భూషణం ప్రింటరు ఎవరు ఏరారో నేనెందుకు అడుగుతాను?”

“అదే మరి” అని పప్పు పోపు పెట్టడానికి లేచింది.

భూషణం నిన్ను ‘చెల్లెమ్మా’ అంటాడు కదా, ఆ పిలుపు వెనక ఎంత భూస్వామ్య వాసన ఉందో తెలుసా అని అడగబోయాను. అడగలేదు. నేనేమీ మామూలు మొగుణ్ణి కాదు. ఊళ్లోవాళ్లంతా ముక్కున వేలేసుకుంటే, కులం లేదు గిలం లేదని రిజిస్ట్రారాఫీసులో సంతకం పెట్టి చేసుకున్నవాణ్ణి. డెబ్భై ఏడులో రిలీఫ్ పనికి వెళ్లి, అంతా పోయి ఒంటరిగా మిగిలిన పిల్లను... అది ఇప్పుడెందుకు.

12 అక్టోబరు, శనివారం

చాంద్ దగ్గర కొనను. భూషణం కొన్నది అసలు కొనను. గుడివాడ వెళ్లాను.

బాబూరావు అని, నా పాత విద్యార్థి, అక్కడ కొత్తగా కంప్యూటర్ల షాపు పెట్టాడు. అంగుళానికి ఎన్ని చుక్కలు పడతాయన్నదే ప్రింటరుకు ప్రాణమట. భూషణం మిషను ఆరొందల చుక్కలది. నేను కొన్నది రెండువేల నాలుగొందలు! నాలుగు రెట్లు. ధర కూడా తక్కువే. నల్లడబ్బా విడిగానే ఉంది. నెలకెన్ని కాగితాలు అని వీడు అడగనే లేదు.

“డబ్బాలు బందర్లో దొరుకుతాయా?”

“అదెంత పనండీ మాస్టారూ, బెజవాడ నించి తెప్పించేద్దాం.”

పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాను. కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టబోతే గుడ్లవల్లేరు దాకా వాదించి కొట్టనివ్వలేదు. బాగుంది ఈ రోజు.

13 అక్టోబరు, ఆదివారం

పొద్దుట నుంచీ బిగించి, మొదటి కాగితం తీసి సుమతి చేతిలో పెట్టాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. అలాగే చూసింది, చాంద్ చెప్పినట్టే.

“బాగుందండీ. ఒత్తులు సన్నంగా వచ్చినయ్.”

“రెండువేల నాలుగొందల చుక్కలు.”

“ఓహో.”

జడ అల్లుకుని, చెప్పులేసుకుంది.

“ఎక్కడికి? ప్రింటరు వచ్చిందిగా!”

“వచ్చేవాళ్లు అక్కడికి కదండీ వచ్చేది. పెద్దింట్లమ్మ గారని, సముద్రం ఒడ్డు మనిషి. మగాళ్లుంటే నోరిప్పదు. భూషణం అన్నయ్య కూడా వీధరుగు మీదే కూర్చుంటన్నారు.”

అరుగు మీద కూర్చుంటాడట. ఎంత సంస్కారం! నేనైతే ఎక్కడ కూర్చునేవాణ్ణని?

19 అక్టోబరు

ఎనిమిదింటికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏంటి అంటే పెద్దింట్లమ్మ గారు చెప్పిందంతా ఇవాళ అయిపోయిందంది. ఏం చెప్పింది అని అడిగితే “పుస్తకంలో చదువుదురుగాని” అంది.

అరుగు మీద నుంచే భూషణం వినేశాడు. నేను పుస్తకంలో చదవాలి.

2 నవంబరు

గెలిచాను. మూడు రోజుల వాదన తర్వాత ఒప్పుకుంది. ఆఖరి కాపీ మనింట్లోనే, మన ప్రింటరు మీదే. నలభై ఎనిమిది పేజీలు. అవి పన్నెండో తారీకుకల్లా చాంద్‌కి ఇస్తే, వాటి మీద రెండొందల కాపీలు జిరాక్సు తీసి కుట్టిస్తాడు. పంతొమ్మిదిన అవనిగడ్డలో సభ. పుస్తకం అందక తప్పదు, ఆ ఆడవాళ్లంతా వస్తున్నారు.

“మీ మిషను సన్నంగా పడుద్ది కాబట్టి ఒప్పుకుంటన్నా” అంది. ఇంకే కారణం లేదన్నట్టు.

ఆఖరి పేజీలో ‘అక్షర కూర్పు: సుమతి’ అని ఉంటుందట. భూషణం పట్టుబట్టాడట. నేను ఎనిమిది పుస్తకాలు వేశాను, ఎనిమిదీ ఆమె కొట్టినవే. ఆ పేరు వెయ్యాలని నాకు తట్టలేదు. నన్ను ఎవరూ అడగనూ లేదు. ఆమె కూడా.

8 నవంబరు

‘సిరాబుడ్డి సామ్రాజ్యం’ పూర్తయింది. పద్నాలుగు పేజీలు. కాగితం మీద చూస్తే గానీ వాదనలో పట్టు తెలియదు కాబట్టి ఏడుసార్లు తీశాను. ఏడోసారి పదకొండో పేజీలో అక్షరాలు బూడిదరంగుకు తిరిగి, పన్నెండో పేజీ తెల్లగా వచ్చింది.

కొత్త మిషనుతో ఇచ్చే డబ్బాలో సగమే పోస్తారట! దొంగలు! ఈ ముక్క వ్యాసంలో చేర్చాలి.

9 నవంబరు, శనివారం

బాబూరావుకు ఫోను చేశాను. బెజవాడలో ఈ మోడలు డబ్బాలు లేవట, మద్రాసు నుంచి రావాలి, పది రోజులు పట్టొచ్చు.

చాంద్ దగ్గరికి వెళ్లాను. గొడుగు తీసి ఇచ్చి, మిషను పేరు విని తల గోక్కున్నాడు.

“దీనికి పనికొచ్చే ఇంకు నా దగ్గర లేదు మాస్టారూ. ఇందుకే అనేది, డబ్బా ఎక్కడ దొరుకుద్దో చూసుకుని మిషను కొనాలని. భూషణం గారి దాంట్లో తీసెయ్యకూడదా? పది నిమిషాల పని.”

అవును. పది నిమిషాల పని.

అక్కడ నుంచి ఇంటికి రాలేదు. పెడన బస్సెక్కాను. ఇబ్రహీం అద్దకం షెడ్డుకు. ఈ జిల్లాలో నాలుగు వందల ఏళ్లుగా నలుపు అద్దుతున్నాం, మనకు మద్రాసు నుంచి నలుపు రావాలా? కుండలో ఇనుప తుక్కు, బెల్లం నీళ్లు పోసి ఇరవై రోజులు ఊరబెడితే వచ్చే రంగు. కంపెనీ లేదు, పేటెంటు లేదు. ఇబ్రహీం పోరాటాల రోజుల నుంచి తెలిసినవాడు, సీసా నిండా వడగట్టి ఇచ్చాడు. ఎందుకో చెప్పగానే మళ్లీ వెనక్కి తీసుకోబోయాడు.

“అయ్యో సార్, ఇది ఉట్టి కాయితం మీద నల్లబడదు. ఉట్టి గుడ్డ మీద కూడా నల్లబడదు. ముందు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డయితేనే. రెండూ కలిస్తేనే నలుపు.”

“అయితే కాగితాన్ని కరక్కాయ నీళ్లలో ముంచుతాను.”

ఇబ్రహీం సీసాకు బిరడా బిగించి నా చేతిలో పెట్టాడు. “మిషన్ని కూడా ముంచుతారా సార్?” అన్నాడు.

కరక్కాయలు పావుకిలో కొని తెచ్చాను. ఇక్కడ సమస్య ప్రింటరు కాదు. స్వావలంబన.

10 నవంబరు, ఆదివారం

సుమతి పదింటికే వెళ్లింది, ఆఖరి దిద్దుబాట్లకు. ఫ్లాపీ ఒకటి ఇక్కడ పెట్టి వెళ్లింది.

అరవై కాగితాలు కరక్కాయ నీళ్లలో ముంచి దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేశాను. పసుప్పచ్చగా, అంచులు వంకర తిరిగి ఆరాయి. రంగును పంచె గుడ్డతో రెండుసార్లు వడగట్టి సిరంజితో డబ్బాలోకి ఎక్కించాను. మధ్యాహ్నం రెండయింది.

పరీక్షకు ఏదో ఒక పేజీ కావాలి. ఫ్లాపీలో వరసగా అందరి పేర్లూ ఉన్నాయి. పెద్దింట్లమ్మ, ఇంకెవరో, ఇంకెవరో. ముప్ఫై ఒకటో పేజీ దగ్గర: ‘సుమతి, బందరు.’

టైపు చేసినావిడ పేరు ఇక్కడికెందుకు వచ్చిందనుకున్నాను. తర్వాత అర్థమైంది.

స్క్రీను మీద చదవలేదు. అనుమతి లేకుండా ఒకరి మాటలు చదవడం తప్పు. కానీ పరీక్షకు ఏదో ఒక పేజీ కావాలి కదా. ముప్ఫై ఒకటి ఇచ్చాను.

కాగితం బయటికొచ్చింది. ఏమీ లేదు. తడి మెరుపు తప్ప ఏమీ లేదు. పరువు పోయిందనుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. చూస్తుండగా పై వరస బూడిదరంగుకు తిరిగింది. తర్వాత దాని కింద వరస. గాలి తగిలేకొద్దీ ఒక్కొక్క వరసే నల్లబడుతూ దిగింది. అది ఎంత తొందరగా నల్లబడితే అంత తొందరగా చదివాను. అంతకంటే తొందరగా చదవడానికి వీల్లేదు.

ఆ కాగితం ఇక్కడ అతికిస్తున్నాను, పోకుండా.

‘అప్పుడు నాకు పంతొమ్మిది. నీళ్లు తీశాక నాలుగో రోజు గుడి అరుగు మీద కూర్చున్నాం. బందరు నుంచి సాయానికి కుర్రాళ్లు వచ్చారు. ఒకాయన నోటుబుక్కు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి మీ ఇంట్లో ఎంతమంది పోయారు అని అడిగాడు. నలుగురు అన్నాను. నాలుగు అని రాసుకుని పక్కావిణ్ణి అడగడానికి వెళ్లాడు. నేను ఇంకా చెప్పబోతూనే ఉన్నాను. తర్వాత రెండేళ్లకు ఆయన్నే పెళ్లి చేసుకున్నాను. మంచాయన. ఉప్పెన గురించి ఎక్కడ మాట్లాడినా, మా ఆవిడ ఇంట్లో నలుగురు అని చెబుతారు. ఎన్నో సభల్లో విన్నాను. మా అమ్మ పేరు పెళ్లి కాగితంలో రాయాలి కాబట్టి అడిగారు. మిగతా ముగ్గురూ నాకంటే చిన్నవాళ్లు. వాళ్ల పేర్లు పాతికేళ్లలో నన్ను అడిగింది భూషణం అన్నయ్య ఒక్కడే. ఇప్పుడు చెబుతాను.’

అక్కడితో పేజీ అయిపోయింది.

ముప్ఫై రెండు ఇచ్చాను. మిషను గరగరమంది. ఖాళీ కాగితం. ఇంకోటి. ఇంకోటి. కిటికీ దగ్గర నిలబడి ఎంతసేపు చూసినా ఏ వరసా నల్లబడలేదు. డబ్బా తీసి చూస్తే కింద రంధ్రాలన్నీ తుప్పు కట్టి పూడుకుపోయాయి.

స్క్రీను మీద ఉంది. ఒక్క మీట నొక్కితే ముప్ఫై రెండో పేజీ వస్తుంది. నొక్కలేదు. ఇందాకటి నీతి కాదిది. ముగ్గురి పేర్లు అక్కడ చదివేస్తే, ఇక ఆమెను నేను ఎప్పటికీ అడిగినట్టు కాదు. భూషణం అడిగింది చదివినట్టే అవుతుంది.

నాలుగింటికి సుమతి వచ్చింది. దండేన్ని, నా చేతుల్ని, బనీను మీద మరకల్ని చూసింది.

“ఏవండీ, కాయితాలు ఉతికారా?”

నవ్వింది. ఇంత గట్టిగా నవ్వగా ఈ మధ్య చూడలేదు. నేనూ నవ్వబోయాను, రాలేదు. ఇంకు ఏడుసార్లు నా వ్యాసానికి పోసేశానని, మిషను చచ్చిపోయిందని, పన్నెండుకు పేజీలు తీయలేనని చెప్పాను. అన్నీ చెప్పాను. ముప్ఫై ఒకటి సంగతి తప్ప.

“మరి ఇంకు అయిపోయిందని మొన్ననే చెప్పకపోయారా? పోన్లెండి” అని ఫ్లాపీ తీసుకుని, అదే రిక్షా వెనక్కి పిలిచి వెళ్లిపోయింది.

11 నవంబరు

పేజీలన్నీ భూషణం ఇంట్లో తీసేశారు. పదో పన్నెండో నిమిషాలు పట్టి ఉంటుంది.

రాత్రి అన్నాల దగ్గర అడిగాను. గొంతు బాగా సవరించుకుని అడిగాను.

“మీ తమ్ముళ్ల పేర్లేంటి?”

“ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు” అంది.

“అదే. పేర్లు.”

“అడుగుతున్నారంటే చదివారన్నమాట.”

“ఒక్క పేజీయే. ముప్ఫై ఒకటి. తర్వాత మిషను ఆగిపోయింది.”

లేచి మజ్జిగ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. కోపమైతే నాకు అలవాటే, వాదించొచ్చు.

“ఒకసారి చెప్పడానికే పాతికేళ్లు పట్టిందండీ” అంది. “నెల తిరక్కుండా మళ్లీ చెప్పమంటే నావల్ల కాదు. పుస్తకంలో ఉన్నయ్. చదువుకోండి.”

15 నవంబరు

‘సిరాబుడ్డి సామ్రాజ్యం’ మళ్లీ చదివాను. వాదన సరైనదే. పంపలేదు.

19 నవంబరు, మంగళవారం

అవనిగడ్డ. హైస్కూలు హాలు నిండిపోయింది. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని భూషణం పుస్తకాలు ఇస్తున్నాడు. ఆరేళ్ల తర్వాత ఎదురుపడ్డాం. జుట్టు తెల్లబడింది. నాదీ అంతేననుకుంటాను.

“రా బావా! నీకు అమ్మడమేంటి, తీసుకో.”

“ధర ఇరవై అని వేశావుగా” అని ఇరవై ఇచ్చి తీసుకున్నాను. ఉచితంగా తీసుకోను అతని దగ్గర. ఈ పుస్తకం అసలే తీసుకోను.

స్తంభం పక్కన నిలబడి ముప్ఫై రెండు తీశాను.

సూరయ్య, పన్నెండేళ్లు. ఏడుకొండలు, తొమ్మిదేళ్లు. నాగమల్లేశ్వరి, నాలుగేళ్లు.

అక్షరాలు లావుగా, చక్కగా ఉన్నాయి. ఆరొందల చుక్కలు చాలు. నా వెనక ముసలావిడ ఎవరో పక్కావిణ్ణి తన పేరున్న పేజీ చూపించమంటోంది. చూపించాక వేలు పెట్టి ఆ అక్షరాల మీద రాసింది. పెద్దింట్లమ్మ గారేనేమో. కారణాలేవని నేను అడిగేవాణ్ణి ఇలాంటివాళ్లను.

సుమతి వేదిక మీద చదివింది. చదివాక భూషణం వైపు చూసి తల ఊపింది. నా వైపు కూడా చూసిందేమో, జనం అడ్డం ఉన్నారు. అడ్డం ఉన్నారనే అనుకుంటున్నాను.

సాయంత్రం బస్సులో కిటికీ సీటు తనకిచ్చి పక్కన కూర్చున్నాను. పులిగడ్డ వంతెన మీద అంది:

“పేర్లు తెలిసినయ్ గదా. ఇప్పుడు అడగండి, వాళ్ల గురించి ఏం అడుగుతారో.”

ఎన్నో సభల్లో ఎదుటివాడి నోరు ప్రశ్నలతో మూయించినవాణ్ణి. ఒక్కటీ రాలేదు. కెరటం ఎంత ఎత్తు, ఎన్ని గంటలకు, రేడియోలో చెప్పారా? ఇవే వస్తున్నాయి నోటికి. నోరు మూసుకున్నాను. మోపిదేవి వెళ్లిపోయింది. సుమతి కిటికీలోంచి కోతల పొలాలు చూస్తోంది. భూషణం ఈపాటికి పది అడిగుండేవాడు, ఆ అరుగు మీద కూర్చునే.

చల్లపల్లి దాటాక అడిగాను.

“ఏడుకొండలు తిండి దగ్గర పేచీ పెట్టేవాడా?”

గబుక్కున తిరిగింది. “ఎవరు చెప్పారు మీకు?”

“ఎవరూ చెప్పలేదు. తొమ్మిదేళ్లవాడు కదా అని.”

అంతే. మొదలుపెట్టింది. బందరు బస్టాండులో బస్సు ఆగినా ఆపలేదు. కండక్టరు “దిగాలమ్మా” అని రెండుసార్లు అనాల్సి వచ్చింది. రిక్షాలో కూడా చెబుతూనే ఉంది. చెల్లెలి సంగతి వచ్చేసరికి ఇల్లొచ్చింది. తాళం నేను తీశాను, తను గుమ్మంలోనే నిలబడి మిగతాది చెప్పింది.

పుస్తకం మొత్తం ఇప్పుడే వెతికాను. ఏడుకొండలు పేచీ సంగతి అందులో ఎక్కడా లేదు. భూషణానికి తెలియదు.

ఏం చెప్పిందో ఇక్కడ రాయను.